జంటగోడల సందు

రేపల్లెలో దీపాలు పెట్టాక ఆ సందు ముందు నుంచి ఎవరూ నడవరు. తప్పనిసరిగా నడవాల్సి వస్తే రోడ్డుకి అవతలి పక్కన నడుస్తారు. అదీ తల తిప్పకుండా, గబగబా.

సందంటే బళ్ళు తిరిగే సందు కాదు. మనిషి పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుంటే పట్టేంత చోటు. అటో ముసలి గోడ, ఇటో ముసలి గోడ. మధ్యలో చీకటి.

ఒకప్పుడది ఒకటే ఇల్లు. అన్నదమ్ములిద్దరు పంచుకున్నారు. మా వైపు పొలం పంపకాల్లో అయినా రాజీ పడతారు గానీ గోడ దగ్గర మాత్రం పడరు. ఉమ్మడి గోడ ఉంటే అవతలివాడి అరిష్టం మనకి అంటుకుంటుందని ఒక నమ్మకం. ఒక్క అడ్డగోడతో పోయేదానికి, అన్న తన గోడ తాను లేపాడు, తమ్ముడు తన గోడ తాను లేపాడు. ఒకరి గోడకి ఇంకొకరి గోడ తగలకూడదు కదా — ఇద్దరూ కాస్త కాస్త వెనక్కి జరిగి కట్టారు. ఆ మధ్యలో మిగిలిపోయిన చోటు అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదు.

ఎవరిదీ కాని చోట ఎవరో ఒకరు చేరతారు.

ఎవరు చేరారన్న దాని మీద మాత్రం ఊళ్ళో ఏకాభిప్రాయం లేదు. ఉరేసుకున్న కోడలని ఒకరంటారు. పాము కరిచిన పాలేరని ఇంకొకరు. ఎవర్ని అడిగితే వాళ్ళ దగ్గర ఒక కొత్త చావు ఉంటుంది. ఒకసారి ఎవరిదో మేక అందులోకి వెళ్ళిందట. తిరిగి రాలేదు. చచ్చిన వాసన కూడా రాలేదు.

"చచ్చిన వాసన ఎందుకొస్తుందయ్యా, ఆ రాత్రి ఎవరింట్లోనో మసాలా వాసన వచ్చే ఉంటుంది" అని ఎగతాళి చేసింది నేనే.

నా పేరు కరుణాకర్. తెనాలి స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు నాది. ఇంజనీర్లు గీసిన ప్లాన్లు దుప్పటంత కాగితాల మీద ప్రింటు తీసే మిషను కూడా ఉంది. దెయ్యాలంటే నాకు భయం లేదు. ఆ మిషను మధ్యలో ఆగిపోతుందేమోనన్న భయం మాత్రం రోజూ ఉంటుంది. ఇలాంటి మనిషిని కాబట్టే తరన్నుమ్ ఈ సంగతి నాకు చెప్పింది. వింటే నవ్వుతానని. నేను నవ్వితే తనకి కాస్త ధైర్యం వస్తుందని.

తరన్నుమ్ మా ఊరి పిల్లే. రవిశంకర్ అనే ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీస్తుంది. పనిలో మహా పట్టుదల. ఆ పిల్ల తెచ్చిన ప్లానులో ఒక్క గీత అటూ ఇటూ ఉండదు. అన్నం మెతుకు కింద పడితే తీసి పక్కన పెట్టే రకం.

ఆమె చేసే పని ఏంటో కాస్త చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు.

ఇప్పుడు ఇళ్ళని గీతలుగా గీయడం లేదు. కంప్యూటర్లో గోడలుగానే లేపుతున్నారు, ఎత్తూ మందం అన్నీ ఇచ్చి. ఒక గోడ వెళ్ళి ఇంకో గోడని కలిసిన చోట మూల శుభ్రంగా అతుక్కోవాలి. అతుక్కోకపోతే అక్కడో ఎర్ర సున్నా పడుతుంది, మధ్యలో అడ్డగీతతో. కొత్త ఇళ్ళకి ఈ బాధ లేదు. పాత ఇంటిని కొలిచి లేపితే మాత్రం ఇక చూసుకోండి — అమ్మవారు పోసినట్టు ఒళ్ళంతా ఎర్ర సున్నాలే.

దానికి మందు కూడా అందులోనే ఉంది. క్లీనప్ అంటారు. ఎంత దగ్గరున్న గోడల్ని కలిపేయాలో ఒక అంకె ఇస్తే, ఆ లోపల ఉన్నవన్నీ అదే కలిపేస్తుంది. చిన్న అంకె ఇస్తే చిన్న చిన్న సందులు పూడతాయి.

"మరి పెద్ద అంకె ఇస్తే?" అని అడిగాను.

"పెద్దదిస్తే కలవకూడనివి కూడా కలిసిపోతాయన్నా" అంది తరన్నుమ్. అలా అన్నప్పుడు ఆ పిల్ల నా వైపు చూడలేదు.

ఆ జంటగోడల ఇంటి రెండు వాటాలనీ చెంచురామయ్య అనే ఆయన ఈమధ్యే కొన్నాడు. రెండూ కలిపేసి ఆసుపత్రికి అద్దెకిద్దామని ఆయన ఆలోచన. ఆ పని రవిశంకర్ పట్టాడు. ఇల్లు కొలవడానికి వెళ్ళినవాళ్ళు గదులన్నీ కొలిచారు, దూలాలు కొలిచారు, నుయ్యి గట్టు కూడా కొలిచారు. ఆ సందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోడ్డు మీద నుంచి తొంగి చూసి, 'ఇక్కడ సందు ఉంది' అని రాసుకుని వచ్చేశారు. మగాళ్ళే, మీసాలు కూడా ఉన్నాయి.

అందువల్ల తరన్నుమ్ ఇల్లంతా చక్కగా లేపినా, సందు మొన దగ్గర ఒక్క ఎర్ర సున్నా మిగిలిపోయింది. ఏం చేసినా పోదు. లోపల వెడల్పు ఎంతో తెలిస్తే గానీ అది తేలదు. పొద్దున్నే ప్లాను కావాలని రవిశంకర్ ఫోను మీద ఫోను.

అప్పుడు ఆమెకి తమ్ముడు గుర్తొచ్చాడు.

ఫహీం టైల్స్ పని చేస్తాడు. ఆ వారం రేపల్లెలోనే పని. తండ్రి లేని ఇంట్లో తల్లి మహబూబ్ బీకీ, ఈ అక్కకీ వాడొక్కడే దీపం. అల్లరి మాత్రం తగ్గలేదు. తలుపు చాటున దాక్కుని దుప్పటి కప్పుకుని అక్కని బెదిరించే బుద్ధి మీసాలొచ్చినా పోలేదు. 'పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ' అన్నట్టు, వాడికి ఆ సందు గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వేవాడే.

"ట్రైను ఎక్కేముందు ఒక్కసారి అటు వెళ్ళి కొలిచిపెట్టు ఫహీం" అని అక్క అడిగింది. సరేనన్నాడు.

చలికాలం. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యేసరికే కటిక చీకటి పడింది.

ఇక్కడ తెనాలిలో, ఆఫీసులో తరన్నుమ్ ఒక్కతే. ముందు కంప్యూటరు, చెవిలో ఫోను. అక్కడ రేపల్లెలో, చేతిలో టేపుతో, అక్కని ఆపా అని పిలిచే తమ్ముడు.

"ఆపా, వచ్చా. పడమటి రోడ్డు మీదున్నా. సందు మొన కనపడతా ఉంది."

"అవతలి మొన తెరిచుందా?"

"టార్చి వేశా... లేదు. అటు తూర్పున మూసే ఉంది. ఇటుకలు కనపడుతున్నాయి."

ఇంతలో ఫోన్లోనే ఇంకో గొంతు వినపడింది. ఎదురింటి రాజమ్మ గారు. ముసలావిడ. "నాయనా, ఇప్పుడు అందులోకి పోమాక. రేపు పొద్దున చూసుకో" అంటోంది.

"రెండు నిమిషాల పని మామ్మగారూ" అన్నాడు ఫహీం. వాడు నవ్వడం తరన్నుమ్‌కి వినపడింది.

తర్వాత గోడకి చొక్కా రాసుకుంటున్న చప్పుడు... ఊపిరి... మళ్ళీ చొక్కా చప్పుడు.

"వీపంతా సున్నం అయింది ఆపా. అమ్మీ తిడుతుంది."

"కొలత చెప్పు."

"ఉండు. మధ్యలో ఇంకా ఇరుగ్గా ఉంది. అక్కడికెళ్ళి తీస్తా."

ఆమె ఎదురుచూస్తోంది. చెయ్యి మౌసు మీదే ఉంది. కళ్ళ ముందు ఆ ఒక్క ఎర్ర సున్నా. కంట్లో నలక పడితే ఊరుకోలేం కదా, అలా ఉంది ఆమెకి. కొలత ఎలాగూ వస్తుంది, ఈలోపు చూద్దామని — అంతే, ఊరికే చూద్దామని — క్లీనప్ అంకె కాస్త పెంచింది. పోలేదు. ఇంకాస్త పెంచింది.

ఎర్ర సున్నా పోయింది.

"ఎంత హాయిగా అనిపించిందో అన్నా ఆ క్షణంలో" అంది నాతో. ఆ మాటంటూ ఏడ్చేసింది.

ఫోన్లో ఫహీం గొంతు వినపడింది. కుండలోంచి మాట్లాడినట్టు ఉంది.

"ఆపా... వెలుతురు పోయింది."

"ఫోను లైటు ఆరిపోయిందా?"

"లేదు. వెలుగుతానే ఉంది. వెలుతురు బయటికి రావట్లా... చేతికి గోడ తగులుతోంది."

"ఏ పక్క?"

అరచేతులతో గోడని తడుముతున్న చప్పుడు.

"అన్ని పక్కలా."

తరన్నుమ్‌కి ఒళ్ళు మండింది. మళ్ళీ మొదలుపెట్టాడనుకుంది. "ఫహీం, వేళాకోళం ఆపు. నాకు పనుంది" అని కసిరింది. ఎప్పుడైనా ఇంత కసిరితే వాడు పకపకా నవ్వేవాడు.

నవ్వలేదు.

చిన్న చిన్నగా ఊపిరి... దగ్గర దగ్గరగా. పూర్తిగా పీల్చుకోవడానికి చోటు లేనట్టు.

అప్పుడు ఆమె తెర వైపు చూసింది. అంతకుముందు రెండు గోడలున్న చోట ఇప్పుడు ఒకే గోడ ఉంది. లావుపాటి గోడ. నున్నగా, మూలలన్నీ చక్కగా అతుక్కుని. సందు లేదు. ఎక్కడా లేదు.

చేసిన మార్పుని వెనక్కి తీసుకోవడానికి మీట నొక్కింది. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కింది. తెర తెల్లబడిపోయి, నడిమధ్య చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. కంప్యూటర్లు వాడేవాళ్ళకి ఆ చక్రం సంగతి తెలుసు. మనకి ఎంత తొందరుంటే అది అంత నిదానంగా తిరుగుతుంది.

"ఫహీం... మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు."

"ఆపా..." అంత సన్నటి గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "మాట్లాడితే... గోడ ఛాతీకి తగులుతోంది."

ఇక ఆగలేక ఆ ప్రోగ్రాము మొత్తం మూసేసి మళ్ళీ తెరిచింది. అది తనంతట తాను దాచుకున్న ఫైలు వచ్చింది. అందులో కూడా లావు గోడే ఉంది. వెనక్కి వెళ్ళడానికి ఒక్క మెట్టు కూడా మిగల్లేదు.

ఆమె మతిపోయిన దానిలా ఆ లావు గోడని చెరిపేసింది. ఒక గోడ లేపింది. రెండోది ఎంత దూరంలో లేపాలి? కొలత తెలియదు. ఆ కొలత చెప్పాల్సినవాడు ఆ గోడలోనే ఉన్నాడు.

పోయిన పండక్కి వాడికి చొక్కా కొన్నప్పుడు, షాపువాడు భుజాల మీదుగా టేపు పెట్టడం గుర్తు తెచ్చుకుంది. ఆ భుజాలు పట్టాలి. ఊపిరి పీల్చుకోవాలి. చేతులు ఊపుకుంటూ బయటికి రావాలి. రెండడుగులని కొట్టింది. నిజానికి అక్కడ అంత చోటు లేదని ఆమెకి తెలుసు. అయినా కొట్టింది.

ఒక మొన మూసింది. రెండో మొన తెరిచి వదిలింది.

"ఫహీం, నడువు."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నడువురా తమ్ముడూ... నాకోసం నడువు."

చాలాసేపటికి... చెప్పుల చప్పుడు. ఈసారి చొక్కా గోడకి రాసుకోవడం లేదు.

"గాలి వస్తోంది ఆపా" అన్నాడు.

వచ్చేశాడు. ఎక్కడున్నావని అడిగితే వాడికే తెలియలేదు. "రోడ్డు కనపడట్లా. కొబ్బరి చెట్లున్నాయి, గడ్డి ఉంది" అన్నాడు. ఆ గడ్డిలో కాసేపు కూర్చుని, ప్రహరీ గోడ దూకి, ఎవర్నో దారి అడిగి స్టేషనుకి చేరాడు. తెనాలి ప్లాట్‌ఫారం మీద తరన్నుమ్ నిలబడి ఉంది. రైలు దిగగానే వాణ్ణి ముందు రెండు దెబ్బలు వేసింది. తర్వాత పట్టుకుని వదల్లేదు. వాడి వీపంతా సున్నం. ఛాతీ అంతా సున్నం. కనురెప్పల మీద కూడా సున్నం.

ఇదంతా మర్నాడు పొద్దున్నే నా షాపులో చెప్పింది. ప్రింటు తీయించుకోవడానికి వచ్చి.

నేను నవ్వాలి కదా. నవ్వాను. "చూడు తల్లీ, ఇరుకు చోటులో మనిషికి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. చీకట్లో కంగారు పడ్డాడు. పడమట వెళ్ళి తూర్పున తేలాడంటే రెండు వైపులా దారి ఉందన్నమాట. మూసుందని టార్చి వెలుగులో పొరపడి ఉంటాడు. కంప్యూటర్లో గోడ కలిపితే రేపల్లెలో గోడ కలుస్తుందా? అలా అయితే నా ఇంటికి ఓ మేడ గీసిపెట్టు" అన్నాను.

ఆమె కూడా కాస్త నవ్వింది. ఆ పిల్ల మొహంలోకి మళ్ళీ రక్తం రావడం చూసి నాకు కూడా తెరిపిన పడ్డట్టయింది.

మిషనులోంచి కాగితం నెమ్మదిగా బయటికి వస్తోంది. ఉత్తర దిక్కు బాణం గుర్తు ముందు వచ్చింది. తర్వాత ఇల్లు. తరన్నుమ్ వంగి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

"తప్పు చేశానన్నా" అంది.

సంగతేంటంటే, ఆ ఇల్లు కాస్త వంకరగా ఉంటుందట. గోడలు నిటారుగా కనపడి, రోడ్డు వైపు కుడిచేతికి వస్తే పని సులువని ఆమె తెర మీద ప్లానుని తలకిందులుగా తిప్పి పెట్టుకుంది. రాత్రి కంగారులో అది మర్చిపోయింది. ఎప్పటిలా ఎడమచేతి వైపున్నది పడమర అనుకుని దారి వదిలింది. అది తూర్పు. అసలు తెరిచి ఉండే పడమటి మొనని గోడ పెట్టి మూసేసింది.

వెంటనే రవిశంకర్‌కి ఫోన్ చేసింది. "సార్, ప్లాన్లో తప్పుందండి. సందు తెరిచి ఉండేది పడమర. నేను తూర్పున చూపించాను. వెడల్పు కూడా కొలిచింది కాదు, అందాజుగా వేశాను. క్షమించండి సార్."

ఆయన అప్పటికే ఫైలు తన ట్యాబులో వేసుకుని రేపల్లె దారిలో ఉన్నాడు. "పరవాలేదమ్మా. సైటుకే వెళ్తున్నా. నేనే కొలుచుకుని వస్తాను, అప్పుడు దిద్దుదురుగాని" అన్నాడు. మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు.

సాయంత్రం ఆయనే నేరుగా నా షాపుకి వచ్చాడు. అప్పటికి తరన్నుమ్ కూడా వచ్చి ఎదురుచూస్తోంది. దిద్దిన కొలతలు ఇస్తాడేమోనని చేతిలో పెన్ను కూడా ఉంది.

రవిశంకర్ ఆమెని చూసి నవ్వాడు.

"మీ మీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా? తప్పేం లేదు. మీరు గీసింది గీసినట్టే ఉంది అక్కడ."

నేనే అడిగాను. "అంటే... సందు తూర్పునే తెరిచుందా సార్?"

"తూర్పునేనండి. కొబ్బరి చెట్ల వైపు. పడమట రోడ్డు మీదికి దారేం లేదు, గట్టి గోడ. నిన్నా మొన్నా కట్టింది కూడా కాదు. ఇటుకల సందుల్లోంచి రావి మొక్క లేచి, వేళ్ళు నా మణికట్టంత లావున్నాయి. వెడల్పు కూడా టేపు పెట్టి చూశాను. రెండడుగులు. అంగుళం తేడా లేదు."

"ఎదురుగా ఓ ముసలావిడ ఉంటుంది..." అంది తరన్నుమ్ నెమ్మదిగా.

"రాజమ్మ గారే కదా. ఆవిణ్ణి కూడా అడిగాను. తను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇటు గోడే ఉందంది. రాత్రి ఎవరో కుర్రాడు టేపు పట్టుకుని వస్తే, ఇటు దారి లేదు నాయనా అని కూడా చెప్పిందట."

ఆయన టీ తాగి, ప్రింటు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బయట రోడ్డు మీద బళ్ళు తిరుగుతున్నాయి. షాపులో మేమిద్దరమే మిగిలాం.

నా దగ్గర ఈసారి నవ్వు లేదు. ఏదో ఒకటి అనాలని, "పోనీలే తల్లీ, పిల్లాడు క్షేమంగా ఇంట్లో ఉన్నాడు. అది చాలు" అన్నాను.

తరన్నుమ్ తల ఊపింది. చేతిలో పెన్నుకి మూత పెట్టింది. మళ్ళీ తీసింది. పొద్దున నాకు చెప్పని మాట ఒకటి అప్పుడు చెప్పింది, గొంతు తగ్గించి.

"తెరిచి వదిలిన మొన దగ్గర మళ్ళీ ఎర్ర సున్నా పడిందన్నా. చెయ్యి అలవాటైపోయింది కదా... అక్కడ కూడా గోడ పెట్టి మూసేయబోయాను. నొక్కబోతుంటే ఫోన్లో వాడు దగ్గాడు. అందుకని ఆగాను."